రుజువు లేని శిక్ష, గడువు లేని నిషేధం

ఐపీఎల్ మొదలయ్యే వేళకు గోదావరి జిల్లాల్లో ఒక పాత తగువు మళ్లీ పైకి లేస్తుంది. రాజమండ్రి దేవీచౌక్‌లో టిఫిన్ బళ్ల దగ్గరైనా, భీమవరం, అమలాపురం కాలేజీ కుర్రాళ్ల మధ్యనైనా, చేతిలో ఉన్న మ్యాచ్ చివరి ఓవర్లో జారిపోతే చాలు, ఎవరో ఒకరి నోట ‘ఫిక్సింగ్’ మాట వస్తుంది. వెనకే అజహర్, శ్రీశాంత్, వార్నర్ పేర్లు వచ్చేస్తాయి. జన్మలో బ్యాట్ పట్టనివ్వకూడదని ఒకరు, మనోడు కాబట్టే ఇరికించారని మరొకరు. దీన్ని కాలక్షేపం కబురని తీసిపారేయలేం. ఆట నిజాయితీ గురించి పట్టించుకునే వాళ్లు ఉన్నారనడానికి ఇదే గుర్తు. కాకపోతే వాదనంతా శిక్ష ఎంత ఉండాలన్న దగ్గరే తిరుగుతోంది. తప్పు రుజువైందా, అవతలివాడి మాట విన్నారా, శిక్ష ఏ రోజుతో ముగుస్తుంది అన్నవి అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు. వాటిని అడగకపోవడం వల్లే మన తగువులు పాతికేళ్లయినా తెగడం లేదు.

వార్నర్ సంగతే తీసుకుందాం. 2018 మార్చి 24న కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు బాన్‌క్రాఫ్ట్ ఉప్పుకాగితంతో బంతిని రుద్దుతూ కెమెరాకు దొరికాడు. ఆ ఆలోచన వైస్ కెప్టెన్ డేవిడ్ వార్నర్‌దని క్రికెట్ ఆస్ట్రేలియా తేల్చింది. వార్నర్‌కు, కెప్టెన్ స్టీవ్ స్మిత్‌కు ఏడాది చొప్పున, బాన్‌క్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు నిషేధం పడింది. అదే తప్పుకు ఐసీసీ స్మిత్‌కు వేసింది ఒక్క టెస్టు నిషేధం, మ్యాచ్ ఫీజు కోత. వార్నర్ అప్పటికి సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్. 2016లో 848 పరుగులు చేసి జట్టుకు కప్పు తెచ్చినవాడు. కెప్టెన్సీ వదులుకున్నాడు, ఆ ఏడాది ఐపీఎల్‌కు బీసీసీఐ అతణ్ని రానివ్వలేదు.

తెలుగు అభిమానులు అప్పుడు రెండుగా చీలిపోయారు. బంతి గీకినందుకు ఏడాదా అని కొందరు, దేశం పరువు తీసినవాడికి అది తక్కువేనని కొందరు. మరుసటి ఏడాది వార్నర్ తిరిగొచ్చి 12 మ్యాచ్‌ల్లో 692 పరుగులు చేశాడు. 2020 లాక్‌డౌన్‌లో ‘బుట్టబొమ్మ’కు ఇంటిల్లిపాదితో స్టెప్పులేశాడు. 2025లో ‘రాబిన్‌హుడ్’తో తెలుగు తెర మీదకే వచ్చాడు. ఇవాళ మన పల్లెల్లో అతణ్ని మోసగాడని పిలిచేవాళ్లు దాదాపు లేరు. పరుగులు చేశాడు కాబట్టి మర్చిపోయారని కొందరంటారు. నాకలా అనిపించదు. తప్పు ప్రపంచమంతా చూసింది, అతను విలేకరుల ముందు కన్నీళ్లతో క్షమాపణ చెప్పాడు, శిక్షకో తేదీ పెట్టారు, ఆ తేదీ దాకా బయటే ఉన్నాడు. లెక్క తీరింది కనుకే జనం మళ్లీ అక్కున చేర్చుకోగలిగారు. తీరనిది ఒక్కటే మిగిలింది, ఆస్ట్రేలియా జట్లకు జీవితాంతం నాయకత్వం వహించకూడదన్న నిబంధన. దాన్ని సమీక్షించమని అడిగే దారి కూడా ఏళ్ల తరబడి లేదు. 2024 అక్టోబరులో ఎత్తేసేసరికి అతను అంతర్జాతీయ క్రికెట్ మానేశాడు.

ఇప్పుడు అజహర్ దగ్గరికి వద్దాం. ఆడిన తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన హైదరాబాదీ మహమ్మద్ అజహరుద్దీన్. 2000 మార్చిలో బెంగళూరులో దక్షిణాఫ్రికా మీద ఆడిన 99వ టెస్టులోనూ సెంచరీ కొట్టాడు. నూరో టెస్టు ఆడలేదు. మరుసటి నెలలోనే దక్షిణాఫ్రికా కెప్టెన్ హన్సీ క్రానే బుకీతో జరిపిన ఫోన్ సంభాషణలను ఢిల్లీ పోలీసులు బయటపెట్టారు. తనను బుకీకి పరిచయం చేసింది అజహరేనని ఆ దేశం వేసిన కింగ్ విచారణ కమిషన్ ముందు క్రానే చెప్పాడు. సీబీఐ నివేదిక, ఆపైన బీసీసీఐ తరఫున కె.మాధవన్ విచారణ వచ్చాయి. 2000 డిసెంబరులో బీసీసీఐ అజహర్‌కు, అజయ్ శర్మకు జీవితకాల నిషేధం, అజయ్ జడేజాకు, మనోజ్ ప్రభాకర్‌కు అయిదేళ్ల నిషేధం విధించింది. దేశమంతా కోపంతో ఊగిపోతున్న రోజులవి. ఆ కోపానికి తగ్గ శిక్షే దొరికిందని చాలామంది సంతోషించారు.

పన్నెండేళ్లు గడిచాక 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టం ముందు నిలవదని తీర్పిచ్చింది. అప్పటికి అజహర్‌కు 49 ఏళ్లు. జడేజా నిషేధాన్ని అంతకు ముందే, 2003లోనే ఢిల్లీ హైకోర్టు పక్కన పెట్టింది. అయినా భారత జట్టు తలుపు అతనికి మళ్లీ తెరుచుకోలేదు.

ఇక్కడ రెండు వర్గాలూ ఒక పొరపాటు చేస్తాయి. అజహర్ అభిమానులు కోర్టు అతణ్ని నిర్దోషిగా నిలబెట్టిందంటారు. అవతలి వాళ్లు సాంకేతిక కారణాలతో తప్పించుకున్నాడంటారు. నిజానికి జరిగిందేమిటంటే, న్యాయస్థానంలో నిలిచేలా తప్పును రుజువు చేయలేని బోర్డు, అన్నిటికన్నా పెద్ద శిక్ష వేసింది. తీర్పు వచ్చాక కూడా సాక్ష్యాలను బహిరంగంగా పరీక్షించే విచారణ మళ్లీ జరపలేదు. అతను తప్పు చేసుంటే అది రుజువు కాలేదు. చేయకుంటే పన్నెండేళ్లు ఎవరూ తిరిగివ్వలేరు. మధ్యలో అతను మొరాదాబాద్ నుంచి ఎంపీ అయ్యాడు, హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యాడు, 2025లో తెలంగాణ మంత్రి అయ్యాడు. అతని ఆటను చూడని తరం కూడా ఈ రోజుకీ అదే ప్రశ్న అడుగుతోంది. అది అభిమానుల మూర్ఖత్వం కాదు. జవాబు చెప్పాల్సిన సంస్థ చెప్పలేదు.

శ్రీశాంత్ విషయంలోనూ బోర్డు పాఠం నేర్చుకోలేదు. 2013 మేలో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణపై అరెస్టు, సెప్టెంబరులో జీవితకాల నిషేధం. 2015లో ఢిల్లీ కోర్టు అతణ్ని కేసు నుంచి విడిచిపెట్టింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు, శిక్షించే అధికారం బోర్డుకు ఉందంటూనే జీవితాంతం నిషేధాన్ని కొట్టేసి, ఎంత శిక్ష తగునో మళ్లీ చూడమంది. చివరికి ఏడేళ్లుగా ఖరారైంది. 2020 సెప్టెంబరులో గడువు తీరేటప్పటికి ఆ ఫాస్ట్ బౌలర్ వయసు 37. మొదటే ఏడేళ్లని కారణాలతో రాసి ఉంటే శిక్ష కఠినంగానూ ఉండేది, ప్రశ్నలకూ తావుండేది కాదు.

మోసమే చేయనివాళ్లకు పడిన నిషేధం కూడా మనకు తెలుసు. గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరాడు. బోర్డుకు పోటీగా పెట్టిన లీగ్ అది, అంతే. అందులో చేరిన వాళ్లందరినీ బీసీసీఐ వెలేసింది. 2009లో క్షమాభిక్ష ప్రకటించాకే వాళ్లు తిరిగి రాగలిగారు. ఫిక్సింగ్ ఆరోపణకూ, వేరే యజమాని దగ్గర పనికి చేరడానికీ ఒకే తరహా వెలివేత! తన అధికారాన్ని ధిక్కరించడాన్ని ఆటను అమ్ముకోవడంతో ఒకే గాటన కట్టే సంస్థ చేతిలో శిక్షించే అధికారం ఉంటే, ఆ శిక్షను జనం ఎందుకు గౌరవిస్తారు?

జట్లకు వేసే శిక్ష ఇంకా చిక్కు. 2015లో సుప్రీంకోర్టు నియమించిన లోధా కమిటీ ఐపీఎల్‌లో చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేళ్లు పక్కన పెట్టింది. బెట్టింగ్ వ్యవహారంలో దోషులుగా తేలింది చెన్నై జట్టు పెద్ద గురునాథ్ మెయ్యప్పన్, రాజస్థాన్ సహ యజమాని రాజ్ కుంద్రా. జట్లు లేకుండా పోయింది మాత్రం అభిమానులకు. ఫుట్‌బాల్‌లో ఈ గొడవ ఎప్పటినుంచో ఉంది. 2006లో రిఫరీల నియామకాల కుంభకోణంలో ఇటలీ క్లబ్ యువెంటస్‌ను రెండో శ్రేణికి దించి, రెండు టైటిళ్లు లాగేసుకున్నారు. 2023 నవంబరులో ఇంగ్లండ్‌లో ఎవర్టన్‌కు ఆర్థిక నిబంధనల ఉల్లంఘనకు పది పాయింట్లు కోసి, అప్పీలులో ఆరుకు తగ్గించారు. అభిమానులు వీధికెక్కి నిరసన తెలిపారు. అయినా నేను క్లబ్బులను శిక్షించడం తప్పనను. యజమాని జేబుకు, జట్టు స్థానానికి దెబ్బ తగలకపోతే వాళ్లకు భయమే ఉండదు. అయితే ఎవర్టన్ మద్దతుదారులకు ఒకటి దక్కింది. పది ఎందుకో, ఆరుకు ఎందుకు తగ్గిందో వివరించే తీర్పు పాఠం పూర్తిగా వాళ్ల చేతికి వచ్చింది. తిట్టుకోవడానికైనా వాళ్లకు కాగితం ఉంది.

మన చట్టం కూడా అభిమాని పక్షాన లేదు. కర్ణాటక ప్రీమియర్ లీగ్ కేసులో 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు, మ్యాచ్ ఫిక్సింగ్ 420 సెక్షన్ కింద మోసం కాదంది. ప్రేక్షకుడు ఇష్టపడి టికెట్ కొంటాడు కాబట్టి అతణ్ని మోసగించి డబ్బు తీసుకున్నట్టు కాదన్నది అందులో ఒక కారణం. క్రమశిక్షణ చర్య బోర్డు చూసుకోవాలంది. ఫిక్సింగ్‌ను నేరంగా ప్రకటించమని 2018లో లా కమిషన్ సిఫార్సు చేసింది. శ్రీలంక 2019లోనే పదేళ్ల వరకు జైలు పడేలా చట్టం తెచ్చుకుంది. 2010 లార్డ్స్ టెస్టులో నోబాల్స్ అమ్ముకున్న ముగ్గురు పాకిస్థాన్ ఆటగాళ్లను ఇంగ్లండ్ కోర్టు జైలుకు పంపింది. వారిలో అమీర్ తప్పు చేసేనాటికి పద్దెనిమిదేళ్లవాడు. అయిదేళ్ల నిషేధం పూర్తి చేసి, 2016లో మళ్లీ దేశానికి ఆడాడు. సాక్ష్యం కోర్టులో నిలిచింది, శిక్ష పడింది, ముగిసింది.

డెల్టా వాళ్లం మనల్ని మనం కూడా ఒకటి అడగాలి. ఐపీఎల్ రోజుల్లో ఉభయగోదావరి జిల్లాల్లో బుకీల అరెస్టులు మామూలు వార్త. బెట్టింగ్ సొమ్ము లేకపోతే ఫిక్సింగ్‌కు గిరాకీ లేదు. అప్పులపాలై చదువులు ఆపేసిన కుర్రాళ్లు ఎన్ని ఊళ్లలో లేరు! సంక్రాంతికి కోడిపందేలు చట్టవిరుద్ధమని కోర్టులు చెబుతూనే ఉంటాయి, మూడు రోజులూ పెద్దలే బరులు తెరిచి కూర్చుంటారు. బరి దగ్గర పెద్దవాళ్లకు వర్తించని చట్టాన్ని చూస్తూ పెరిగిన కుర్రాడు, క్రికెట్‌లో మాత్రం చట్టం అందరికీ సమానమని ఎలా నమ్ముతాడు? చిన్నవాడికే శిక్ష, పెద్దవాడికి మినహాయింపు అన్న అనుమానం అతనికి ఊళ్లోనే అలవాటైంది.

ఇంత వాదించే మనం ఒక బాధితుణ్ని అసలు లెక్కలోకి తీసుకోం. దొంగ బర్త్ సర్టిఫికెట్‌తో అండర్-16లో ఆడే పద్దెనిమిదేళ్లవాడి వల్ల చోటు పోగొట్టుకున్న పదిహేనేళ్ల పిల్లాడు. వయసు దాచడం ఫిక్సింగ్‌కు తీసిపోయేది కాదని రాహుల్ ద్రావిడ్ 2015 పటౌడీ స్మారకోపన్యాసంలో గట్టిగానే చెప్పారు. బీసీసీఐ ఎముకల పరీక్ష పెట్టింది. 2020లో ఓ మంచి పనీ చేసింది. తప్పు తామే ఒప్పుకున్న వాళ్లకు నిషేధం ఉండదని, దాచి దొరికితే రెండేళ్లని ముందే ప్రకటించింది. శిక్ష ఎంతో ముందే తెలుసు, ఒప్పుకునే దారి ఉంది, గడువు ఉంది. అజహర్ విషయంలో లోపించినవన్నీ ఇక్కడ ఉన్నాయి. ఇది జిల్లా సెలక్షన్ల దాకా నిజంగా దిగాలంటే, కాకినాడ, రాజమండ్రి, ఏలూరు మైదానాల్లో పిల్లల తల్లిదండ్రులు అనుమానం వచ్చినచోట రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. జిల్లా సంఘాలు దానికి రాతపూర్వకంగానే జవాబివ్వాలి. స్టార్ ఆటగాడి నిషేధం గురించి రాత్రంతా వాదించే ఓపిక మనకుంది. అందులో కాస్త ఆ పదిహేనేళ్ల పిల్లాడి కోసం వెచ్చిద్దాం.