దూరం విసిరే చేతికి తగిన మైదానం

చేతిలో బలమున్న యువకునికి పెద్దలు సాధారణంగా చెప్పే హితవు ఒక్కటే: నిదానించమని. ఈటె విసరటంలోగాని, క్రికెట్టులోగాని బలం కంటె గురి ముఖ్యమని ఉపదేశిస్తారు. మాట సరియైనదే. కాని బలాన్ని పూర్తిగా ప్రయోగించే చోటు చూపకుండా గురిని నేర్పబూనటం, ఈత నేర్చేవానిని నీళ్ళతొట్టిలో కూర్చుండబెట్టడం వంటిది. డిస్క్ గోల్ఫ్ అనే ఆటను గురించి, అందులోను దూరం విసిరేవారి కోసం తీర్చిన మైదానాలను గురించి చదివి, వీడియోలలో చూచి నేను ఏర్పరచుకొన్న అభిప్రాయాలకు మూలం ఈ ఆలోచనే.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. గోల్ఫ్‌లోని బంతికి బదులు ఇందులో ప్లాస్టిక్ బిళ్ళ. గుంటకు బదులు ఇనుపస్తంభానికి వ్రేలాడే గొలుసులు, వాటి క్రింద బుట్ట. నిర్ణీత స్థానం నుండి విసిరి, బిళ్ళ పడినచోటి నుండి మళ్ళీ విసిరి, వీలైనన్ని తక్కువ విసురులలో బుట్టలో వేయాలి. ప్రతి బుట్టకు ఇన్ని విసురులని ముందే ఒక ప్రమాణం ఉంటుంది. దానినే పార్ అంటారు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత మైదానాన్ని నెలకొల్పిన ఎడ్ హెడ్రిక్, ఈ గొలుసుల బుట్టకు కూడ రూపకర్త. బిళ్ళ వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గరాదు. వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు బరువు 8.3 గ్రాములకు మించరాదు. ఇంత చిన్న వస్తువు, నేర్పరి చేతినుండి గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో వెలువడుతుంది.

ఎంత దూరం పోతుంది? 2016 మార్చిలో, నెవాడా ఎడారిలోని ప్రిమ్ సమీపాన, గాలి వాటాన్ని చూచుకొని డేవిడ్ విగ్గిన్స్ అనే యువకుడు 338 మీటర్లు విసిరాడు. అద్భుతమే! అయినా ఎడారి ఆటస్థలం కాదు. అక్కడ బిళ్ళ ఎక్కడ పడినా అడిగేవారు లేరు. కొందరు అభిమానులు పొడుగైన మైదానమంటే అటువంటిదే అనుకొంటారు: చదునైన నేల, చెట్టు లేదు, చేమ లేదు, బుట్టలు మాత్రం దూరదూరంగా. అటువంటి చోట భుజబలాన్ని కొలిచే టేపు చాలు, ఆటతో పని లేదు.

దూరం విసిరేవాని కష్టం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. గురిలో అయిదు డిగ్రీలు తప్పినవాడు 60 మీటర్లు విసిరితే బిళ్ళ సుమారు 5 మీటర్లు ప్రక్కకు పడుతుంది. అదే తప్పుతో 150 మీటర్లు విసిరితే 13 మీటర్లు ప్రక్కకు పోతుంది. పైగా బిళ్ళ తిన్నగా పోయే వస్తువు కాదు. కుడిచేతివాడు ఎడమ భుజం వైపునుండి లాగి విసిరిన బిళ్ళ, పైనుండి చూస్తే గడియారపు ముళ్ళ దిశలో తిరుగుతూ, వేగమున్నంతసేపు కుడివైపుకు మొగ్గి, వేగం తగ్గగానే ఎడమకు వాలుతుంది. ఎంత దూరం విసిరితే అంత ఎక్కువసేపు గాలిలో ఉంటుంది గనుక ఈ వాలు కూడ అంత పెరుగుతుంది. అంటే బలవంతునికి ప్రమాదం అతని బలంలోనే దాగి ఉన్నది. దానిని బయటపెట్టగలిగిన మైదానమే, నా దృష్టిలో, అతనికి తగినది.

అందుచేత నా మొదటి ఓటు అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రపు రాక్ హిల్ పట్టణంలోని విన్‌త్రాప్ విశ్వవిద్యాలయ మైదానానికి. 1999లో యునైటెడ్ స్టేట్స్ డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ ఆరంభమైనది అక్కడే. పదునెనిమిది బుట్టల పొడవు కలిపితే దాదాపు 3 కిలోమీటర్లు. ఇందులో పదమూడవదాని నిడివి 888 అడుగులు. ఆటగాళ్ళు దానిని ఆ అంకెతోనే పిలుస్తారు. అయిదవది వేయి అడుగులు దాటి, చెరువు అంచున వంగుతూ పోతుంది. చేతిలో సత్తా ఉన్నవాడు నీటి మీదుగా అడ్డంగా విసిరి దారి తగ్గించుకోవచ్చు. లేనివాడు గట్టు వెంబడి పోవాలి. ఎవరి దారి వారిది, ఎవరి భయం వారిది.

ఇక్కడ నన్ను ఆకర్షించినది పసుపుపచ్చని త్రాడు. పచ్చిక మీద త్రాళ్ళు పరచి, ఇవతల ఆట, అవతల దండన అని నిర్ణయిస్తారు. కొండలు త్రవ్వలేదు, గోడలు లేపలేదు. ఒక మామూలు విద్యాలయపు పచ్చికబయలు ఆ త్రాళ్ళతో దేశంలోని మేటి వీరులను వణికించే రంగస్థలంగా మారుతుంది; పోటీ ముగియగానే త్రాళ్ళు చుట్టివేస్తే మళ్ళీ విద్యార్థులు నడిచే బయలే. ఇంత పొడుగు మైదానంలోను పదునేడవ బుట్ట సుమారు 75 మీటర్లే, గడ్డిమోపుల గోడ కట్టిన చిన్న దీవి. బయట పడితే దండన తప్పదు. ఉదయం నుండి వందల అడుగులు విసిరి వచ్చిన చేయి అక్కడ ఒక్కసారిగా అణకువ చూపవలసి వస్తుంది. ఈ పోటీని 1999, 2000, 2002, 2004, 2007 సంవత్సరాలలో అయిదు పర్యాయాలు గెలిచిన కెన్ క్లైమో కీర్తి ప్రధానంగా గురికి సంబంధించినదని గుర్తు చేయటం అప్రస్తుతం కాదు.

రెండవ స్థానం మిషిగన్ రాష్ట్రంలోని కెన్సింగ్టన్ పార్కులో ఉన్న టొబాగన్ మైదానానిది. శీతకాలంలో మంచుమీద పిల్లలు జారే గుట్టలవి. గుట్టమీద నుండి విసిరిన బిళ్ళ లోయపై తేలుతూ పోవటం చూడముచ్చటగా ఉంటుంది. అయితే 2018లో పాల్ మెక్‌బెత్ అక్కడ ఒకే విడతలో పార్ కంటె 18 విసురులు తక్కువగా ముగించాడు. నాటి ఆట మహత్తరమైనదే. కాని దూరం ఒక్కటే కాపలా ఉంటే ఆ కోట ఎంత గట్టిదో కూడ ఆనాడే తెలిసింది. ఫిన్లాండులోని నోకియా పట్టణపు మైదానానికి మృగమని పేరు పెట్టారు. యూరోపియన్ ఓపెన్ పోటీలు చాలాకాలం అక్కడ సాగినవి. నిడివితో పాటు అడవిని, ఎత్తుపల్లాలను కలిపినందున దానికి ఆ పేరు తగినదే.

ఈటె చరిత్రతో పోల్చి చూడండి. 1984లో బెర్లిన్‌లో ఊవె హోన్ 104.80 మీటర్లు విసరగా, ఇక మైదానాలు చాలవని, పైగా ఈటెలు ముక్కు గ్రుచ్చుకొనక బల్లపరుపుగా పడుతున్నవని, 1986లో పురుషుల ఈటె గురుత్వ కేంద్రాన్ని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. చేయి పెరిగితే ఆయుధాన్ని కుదించారన్నమాట. డిస్క్ గోల్ఫ్ వారు కూడ బిళ్ళ అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లు దాటరాదని హద్దు పెట్టారు. కాని మిగిలిన పని మైదానానికి అప్పగించారు. నాకు ఈ పద్ధతే నచ్చింది.

మన కళాశాలలో 888 అడుగుల చోటు లేదు. డిస్క్ గోల్ఫ్ పెట్టమని కార్యవర్గం వారిని నేను అర్థించటం లేదు. విన్‌త్రాప్ వారు తమ పచ్చికబయలును చూచిన చూపుతో మన మైదానాన్ని చూడమని మాత్రమే నా మనవి. ఉర్దూ విభాగపు మిత్రులకు తాలీమ్ అంటే విద్య. మన ఊళ్ళలో తాలింఖానా అంటే కుస్తీ సాధన చేసే చోటు. మాట ఒక్కటే. అయినా కొత్త తరగతి గదుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన విద్యాసంస్థలలో మొదట ఎసరు వచ్చేది విసురు ఆటల మూలకే. ఏలయన అది ఎప్పుడు చూచినా ఖాళీగా కనిపిస్తుంది. విసిరే చోటు ఖాళీగా ఉండకపోతే మనుషులకు దెబ్బలు తగులుతాయి!

ఈటె పడే ప్రదేశపు వెడల్పు, విసిరిన దూరంలో సగం ఉండాలని నియమం. 60 మీటర్లు విసిరే విద్యార్థికి ఆ చివర 30 మీటర్ల వెడల్పు కావాలి; పరుగుబాటకు మరో 30 మీటర్లు. పాత భవనం మీద అంతస్తు వేయటమా, మైదానం అంచును తీసుకోవటమా అనే చర్చ వచ్చిననాడు, ముగ్గుపోసి పునాది గీతలు గీయకముందే ఈ కొలతలు వేసి చూడాలి. టేపు రెండవ కొస పట్టుకోవటానికి నేను వస్తాను.