ఒక్క మాట, వందల ప్రాణాలు

2018 అక్టోబరు నెలాఖరున భారత్-బంగ్లాదేశ్ సరిహద్దు గగనతలంలో రెండు ఇండిగో విమానాలకు పెనుముప్పు వెంట్రుకవాసిలో తప్పింది. గౌహతి నుంచి కోల్‌కతాకు వస్తున్న విమానం 36,000 అడుగుల ఎత్తున, చెన్నై నుంచి గౌహతికి వెళుతున్న విమానం 35,000 అడుగుల ఎత్తున ఉండగా, మొదటిదానిని 35,000 అడుగులకు దిగవలసిందిగా బంగ్లాదేశ్ నియంత్రణ కేంద్రం ఆదేశించింది. కోల్‌కతా నియంత్రణాధికారి ఒకరు దీనిని గమనించి, రెండో విమానాన్ని తక్షణం కుడివైపునకు మళ్లించడంతో ప్రమాదం తొలగిందని విమానాశ్రయాల ప్రాధికార సంస్థ అధికారి ఒకరు నాడు వెల్లడించారు. సమన్వయ లోపాన్ని ఒక ఉద్యోగి అప్రమత్తత కప్పిపుచ్చింది. ప్రతిసారీ అదృష్టం ఇలా కలసిరాదు.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద కలసిరాలేదు. 15,000 అడుగుల ఎత్తున ఆగవలసిన కజకిస్థాన్ విమానం ఇంకా కిందికి దిగి, 14,000 అడుగుల ఎత్తున వస్తున్న సౌదీ విమానాన్ని ఢీకొనగా 349 మంది దుర్మరణం పాలయ్యారు. ఢిల్లీ నియంత్రణాధికారి ఆదేశం స్పష్టంగానే ఉన్నది. ఆంగ్లం అంతంతమాత్రంగా తెలిసిన ఆ సిబ్బంది రేడియో ఆపరేటర్ ద్వారా దానిని గ్రహించవలసి రావడమే కొంపముంచింది. ఆ విషాదం తరువాత మన గగనతలంలో ఢీనివారణ పరికరాలు తప్పనిసరి అయ్యాయి. అంతర్జాతీయ సర్వీసుల పైలట్లకు, నియంత్రణాధికారులకు ఆంగ్ల ప్రావీణ్య ప్రమాణం 2008 మార్చి నుంచి అమలులోకి వచ్చింది.

అందుకున్న ఆదేశాన్ని పైలట్ తిరిగి వినిపించాలి. తప్పుంటే నియంత్రణాధికారి వెంటనే సరిదిద్దాలి. నియమం సరళమైనదే. అయితే మనసు ఆశించిన మాటనే చెవి వింటుంది. అలసిన మనిషి విషయంలో ఈ బలహీనత రెట్టింపవుతుంది. బంగాళాఖాతం మీదుగా సాగే విమానాలకు అక్షర సందేశాలు పంపే సదుపాయం కోల్‌కతా కేంద్రానికి ఉన్నప్పటికీ, విమానాశ్రయాల చేరువలో క్షణాల మీద జరిగే సంభాషణకు నోటి మాటే ఆధారం.

నియంత్రణాధికారుల కొరతను, వారిపై పడుతున్న పనిభారాన్ని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2025 ఆగస్టులో ఎత్తిచూపింది. ఖాళీలను సత్వరం భర్తీ చేయడం, పనిగంటల పరిమితిని ఖచ్చితంగా పాటించడం, పొరుగు దేశాల కేంద్రాలతో ముందస్తు సమన్వయాన్ని పటిష్ఠపరచడం ప్రభుత్వ తక్షణ కర్తవ్యం. చిన్న పొరపాట్లను స్వయంగా వెల్లడించిన ఉద్యోగిని శిక్షిస్తే మిగిలినవారు నోరు మెదపరు. ప్రమాదం బద్దలయ్యేదాకా లోపం బయటపడదు. కొత్త టెర్మినళ్ల ప్రారంభోత్సవాలపై చూపే శ్రద్ధలో కొంతైనా, ఆ విమానాలను భద్రంగా నడిపించే గొంతులపైనా, వాటిని వినే చెవులపైనా చూపడం అవసరం.