అరువు ముఖాల బొమ్మలు



తిరువూరులో ఏ బొమ్మల దుకాణం ముందైనా ఒక పావుగంట నిలబడితే బిడ్డల మనసు తెలిసిపోతుంది. బంతి కావాలని అడగరు, భీమ్ బంతి కావాలని అడుగుతారు. సంచి, నీళ్ల సీసా, పెన్సిలు డబ్బా, ఆఖరికి చెప్పుల మీద కూడా ఒక ముఖం ఉండాలి. ముఖం లేనిది పది రూపాయలు తక్కువకు వచ్చినా వద్దంటారు. తల్లిదండ్రులు విసుక్కుంటారు గాని, ఆ ముఖం వెనుక నడిచే వ్యాపారం చాలా పెద్దది. అది లేపిన వారూ ఉన్నారు, కూల్చిన వారూ ఉన్నారు. ఈ నెల ఆ సంగతి వ్రాయుచున్నాము.

భీమ్ మన హైదరాబాదు వాడే. రాజీవ్ చిలక గారు 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ ఈ ఛోటా భీమ్‌ను తయారుచేసింది. 2008లో పోగో ఛానల్‌లో మొదలై, లడ్డు తిని బలం తెచ్చుకొనే ఆ పిల్లవాడు ఇంటింటి వాడైపోయాడు. అతని ముఖం వేసి సరుకు అమ్మదలచిన వారు హక్కుదారుల అనుమతి తీసుకోవాలి, అమ్మకంలో వాటా ఇవ్వాలి.

ఈ పద్ధతి మన రైతు కుటుంబాలకు కొత్తది కాదు. మామిడి తోటను పూత మీద కొనే వ్యాపారిని తలంచుకొనండి. కాయ నిలుస్తుందో రాలుతుందో తెలియకముందే డబ్బు కట్టాలి. బొమ్మల కంపెనీ కూడా అంతే. ముందుగా కొంత చెల్లించి, అమ్మకం ఎంతైనా కనీసం ఇంత ఇస్తామని మాట ఇచ్చి, ఆపైన ప్రతి బొమ్మ మీద నూటికి కొంత చొప్పున కడుతుంది. అచ్చులు పోయించే ఖర్చు తనదే. గడువు తీరిన తరువాత ఆ అచ్చులతో ఆ బొమ్మ పోయడానికి వీలు లేదు. తోట మాత్రం యజమానిదే.

అమెరికాలో మెగో అనే కంపెనీ ఉండేది. 1970ల మొదట్లో బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ మొదలైన వీరుల ముఖాలు కౌలుకు తీసుకొని జానెడు బొమ్మలు చేసి బాగా అమ్మింది. 1976లో స్టార్ వార్స్ అనే సినిమా బొమ్మల హక్కు వారి ముందుకు వస్తే వద్దన్నారు. ఎవరికీ తెలియని సినిమా గనుక అప్పటికి అది తెలివైన మాటే అయి ఉండవచ్చు. కెన్నర్ అనే మరొక కంపెనీ ఆ హక్కు పుచ్చుకుంది. 1977 మే నెలలో సినిమా విడుదలై జనం విరగబడ్డారు. క్రిస్మసు నాటికి కెన్నర్ దగ్గర బొమ్మలు సిద్ధంగా లేవు. అప్పుడు వారు చేసిన పని వింటే నవ్వు వస్తుంది. అట్ట మీద బొమ్మల చిత్రాలు వేసి, లోపల ఒక చీటీ పెట్టి అమ్మారు. చీటీ పంపితే నాలుగు బొమ్మలు 1978లో ఇంటికి వస్తాయి. ఖాళీ అట్ట కొని బిడ్డకు క్రిస్మసు బహుమానంగా ఇచ్చిన తల్లిదండ్రులు ఎందరో! 1978లో నాలుగు కోట్లకు పైగా బొమ్మలు అమ్ముడుపోయాయి. మెగో 1982లో దివాలా పిటిషను వేసింది. పోనీ, కెన్నర్ స్థిరంగా నిలిచిందా? సినిమాల వేడి తగ్గగా 1985లో ఆ బొమ్మలు ఆగిపోయాయి. కంపెనీ టోంకా చేతికి, 1991లో హాస్‌బ్రో చేతికి పోయింది.

కొలెకో కథ ఇంకా విచారకరం. 1932లో తోలు వ్యాపారంగా మొదలైన ఈ సంస్థ, 1983లో క్యాబేజ్ ప్యాచ్ కిడ్స్ అనే గుడ్డ బొమ్మల హక్కు తీసుకొని చేసింది. ఒక్కొక్క బొమ్మతో దత్తత కాగితం వచ్చేది, బిడ్డ సంతకం పెట్టి తన బొమ్మను తెచ్చుకొన్నట్లు. ఆ క్రిస్మసుకు దుకాణాలలో పెద్దవాళ్లు తోసుకొని కొట్టుకొన్నారు. 1985లో ఆ బొమ్మల అమ్మకం 60 కోట్ల డాలర్లు. మోజు తీరింది, 1988లో కంపెనీ దివాలా తీసింది. ఆ బొమ్మకు ఏమీ కాలేదు. ముందు హాస్‌బ్రో, తరువాత మాటెల్ దాన్ని తయారుచేశాయి.

డెన్మార్క్‌లో ఒక వడ్రంగి 1932లో ప్రారంభించిన లెగో కూడా 1999లో స్టార్ వార్స్ హక్కు తీసుకుంది. 2003లో స్టార్ వార్స్ గాని హారీ పాటర్ గాని కొత్త సినిమా రాలేదు. ఆ ఏడు లెగోకు భారీ నష్టం. పొరుగువాని కాలువ మీద ఆధారపడిన మడి వంటి స్థితి అది.

మన ఊళ్లలో సంచులు కుట్టి, బనియన్లు అచ్చువేసి బ్రతికే కుటుంబాలకు ఒక మాట. "అందరూ వేస్తున్నారు గదా" అని భీమ్ ముఖం వేయకండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం అనుమతి లేకుండా వేయడం నేరం. సాధారణంగా 6 నెలల నుండి 3 ఏళ్ల వరకు జైలు, 50,000 రూపాయల నుండి 2 లక్షల వరకు జరిమానా. అద్దకం డబ్బులకు ఆశపడి కుట్టుమిషను పోగొట్టుకొనే పని ఎందుకు? తీగలు, పిట్టలు, ఎడ్లబండి ఎవరి అనుమతీ అడగవు.

ఎడ్లబండి అంటే కొండపల్లి గుర్తుకు వస్తుంది. అంబారీ ఏనుగుకు, తాటిచెట్టు ఎక్కే మనిషికి కౌలు కట్టనక్కరలేదు. కాని వాటిని రోజూ చూపించే టీవీ కూడా లేదు. దసరా బొమ్మల కొలువులకు, లేపాక్షి దుకాణాలకు పోయే సరుకే పెద్ద ఆధారం. తెల్లపొణికి కర్ర కొండల మీద తగ్గిపోవడం మరొక బాధ. భౌగోళిక గుర్తింపు వచ్చినందున కొండపల్లి పేరును ఇతరులు వాడుకోకుండా రక్షణ ఉన్నది గాని, ఆ గుర్తింపు కర్రను తెచ్చిపెట్టదు.

మన తిరువూరు నుండి బెజవాడ పోయే దారిలోనే కొండపల్లి ఉన్నది. సెలవుల్లో బిడ్డలను అక్కడ ఒక పూట దింపండి. కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, రంగు వేసేదాకా చూడనివ్వండి. బేరం మాత్రం కొంచెం మెల్లగా ఆడండి. ఒక్క ఏనుగుకు ఎన్ని చేతులు పడతాయో అప్పటికి మీరే చూచి ఉంటారు.