సంఘపు కంప్యూటరుకు కాపలా ఎవరు?



మగ్గము మీద పడుగు ఉన్న రాత్రి మన ఇండ్లలో దీపము ఆర్పుటకు ముందు ఒకసారి చూచి పడుకొనుట అలవాటు. ఎలుక చేరునేమో, కప్పు కారునేమో యని దానిపై బట్ట కప్పుదుము. నూలు నిల్వ, మజూరీ, పొదుపు నిధి లెక్కలన్నియు ఇమిడియున్న సంఘపు కంప్యూటరును మాత్రము మీట నొక్కి వదలి పోవుచున్నాము. ఈ అశ్రద్ధ వలన మేము పడిన పాట్లు ఇతర సంఘములవారు పడకూడదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా సంఘము ఒడిశాలోని బరంపురము ప్రాంతములోనిది. గత ఆషాఢములో ఒక సాయంత్రము ఉరుములతో వాన కురియుచుండగా కరెంటు పోయి, తిరిగి వచ్చుటలో ఎక్కువ వోల్టేజీ వచ్చి కంప్యూటరు ఆగిపోయినది. లెక్కల నకలు పెన్‌డ్రైవులో తీయుచునే యుంటిమి. కాని ఆ పెన్‌డ్రైవు సంవత్సరము పొడుగునా కంప్యూటరుకే తగిలించి యుండెను. రెండును ఒకేసారి పోయినవి.

ఏడు నెలల లెక్కలు లేకుండెను. సభ్యుల పాసు పుస్తకములు, నూలు ఇచ్చిన చీటీలు పోగుచేసి, పంతొమ్మిది రోజులు కూర్చుండి తిరిగి వ్రాసితిమి. అన్నాళ్లును మజూరీ ఇయ్యలేకపోతిమి. ఒక సభ్యుడు సగము నేసిన చీరను మగ్గము మీదనే వదలి తాపీపనికి కూలిగా పోయెను. అతని భార్య కార్యాలయపు గడప దగ్గర నిలబడి, "మీ పెట్టెలో లెక్క పోతే మా కష్టం కూడా పోయినట్టేనాండీ?" అని అడిగినది. మేము తల దించుకొంటిమి. వానను, కరెంటును నిందించి లాభము లేదు. తప్పు మాది.

ఇట్టి ముచ్చటలు విన్నప్పుడు కొందరు పెద్దలు, "కంప్యూటరే వద్దు, పాత చిట్టాలే మేలు" అందురు. వారి మాటలో సగము నిజమున్నది. మమ్ము గట్టెక్కించినవి కాగితపు పాసు పుస్తకములే. వాటిని ఎన్నడును మానరాదు. కాని చిట్టాలకు చెదలు పట్టుట ఎరుగనివారెవరు? లోపము పెట్టెలో లేదు, కాపలా లేకపోవుటలో నున్నది. మగ్గమును చూచుకొన్నట్లే దీనిని కూడ వంతులవారీగా, నియమముగా చూచుకొనవలెను.

మొదటిది నకలు. బయటి డిస్కులు రెండు కొనవలెను. ప్రతి శనివారము మజూరీ పంచిన తరువాత ఒకదానిలో లెక్కలు దింపి, వెంటనే తీగ ఊడదీసి బీరువాలో పెట్టవలెను. మరుసటి వారము రెండవది. బీరువాలో నున్నది కాక రెండవ డిస్కు వేరొక ఇంట నుండవలెను. నెలకొకసారి నకలును ఇంకొక కంప్యూటరులో తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నమ్ముట, కొలవని నూలును నమ్ముట వంటిదే. జాకార్డు డిజైను ఫైళ్లకు కూడ ఇదే పద్ధతి.

తీగ ఊడదీయుమనుటకు ఇంకొక కారణము కలదు. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము నూటయేబదికి పైగా దేశములలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి, విడిపించుటకు సొమ్ము అడిగినది. అటువంటిది చొరబడినచో, తగిలించియున్న నకలుకు కూడ తాళము పడును. అది చొరబడిన లోపమునకు మైక్రోసాఫ్టు వారు ఆ సంవత్సరము మార్చిలోనే మరమ్మతు పంపియుండిరి. దానిని వేసికొనినవారు బ్రతికిరి. "రేపు చూతము" అన్నవారిలో అనేకులు చిక్కుకొనిరి. కావున అప్‌డేటు అను సూచన కనబడినప్పుడు దానిని తోసివేయరాదు. విండోసు 10కి సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. పాత యంత్రములున్న సంఘములు ఈ సంగతిని పాలకవర్గము ముందు పెట్టవలెను. చవకయని దొంగ నకలు సాఫ్ట్‌వేరు వేయించుకొనుట మరింత ప్రమాదము.

రెండవది పాస్‌వర్డు. మా కార్యాలయములో అది గోడ క్యాలెండరుపై వ్రాసియుండెను. మూడేండ్ల క్రిందట పని మానిపోయిన కుర్రవానికి కూడ తెలిసిన ముక్కయే అది. అతడు మంచివాడు గనుక సరిపోయినది. నగదు పెట్టె తాళపుచెవి అట్లు వదలుదుమా? పనిచేయు ప్రతివానికి వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఉండవలెను. ఎవరైనను పని మానిన దినముననే వారి దారి మూయవలెను. సంఘము పేరు, పుట్టిన తేదీ పెట్టక, పొత్తులేని నాలుగు మాటలు కలిపి పొడుగైన పాస్‌వర్డు పెట్టుకొనుట మేలు. వ్రాసి పెట్టక తప్పదన్నచో సీలు వేసిన కవరులో పెట్టి బీరువాలో దాచవలెను.

మూడవది శుభ్రత. మా పెట్టెను విప్పినప్పుడు లోపలి పంకాపై నూలు దుమ్ము గంజిగుడ్డ వలె మందముగా పట్టియుండెను. నేత యిండ్ల గాలిలో నూగు ఉండక తప్పదు. గాలి ఆడక వేడెక్కిన యంత్రము త్వరగా చెడును. నెలకొకసారి కరెంటు తీసి, బ్లోయరుతో దుమ్ము ఊదవలెను. ఉరుములు వినబడగానే ప్లగ్గు ఊడదీయవలెను.

ఇక సభ్యుల ఫోనుల మాట. మా సభ్యురాలొకామెకు చేనేత సబ్సిడీ వచ్చినదని ఇంగ్లీషులో ఒక వార్త, దానితో ఒక ఫైలు వచ్చినవి. ఆమెకు తెలుగు తప్ప వేరే చదువు లేదు. ప్రక్కవారిచేత చదివించి, ఫైలు తెరిచి, తరువాత ఫోను చేసినవానికి ఓటీపీ చెప్పినది. చీరలు నేసి దాచుకొన్న సొమ్మంతయు పోయెను. సిగ్గుపడి మూడు రోజులు ఎవరికిని చెప్పలేదు.

మనవారి ప్రత్యేకమైన కష్టము ఇదియే. షోలాపురములో మరాఠీ, సేలములో తమిళము, మొళకాల్మూరులో కన్నడము, మా వైపు ఒడియా; బ్యాంకు వార్తలు తరచుగా ఇంగ్లీషు. హెచ్చరికలు వచ్చినను మన పెద్దలకు చదువరావు. చదవలేనివారు ఫోనును ఇతరుల చేతికి ఇత్తురు. ఈ లోటును తీర్చవలసినది సంఘమే యని మా అభిప్రాయము. నెలకొకసారి మజూరీ దినమున తెలుగులో ఈ మాటలు చదివి వినిపించిన చాలును: ఓటీపీ ఎవ్వరికిని చెప్పరాదు. మనకు సొమ్ము రావలెనన్న యూపీఐ పిన్ను కొట్టనక్కరలేదు. పిన్ను అడిగినారన్న అది సొమ్ము పోవు దారియే. తెలియనివారు పంపిన ఫైలు తెరవరాదు. వ్రేలిముద్రతో సొమ్ము తీయు దొంగతనములు కూడ కలవు. ఆధార్ సంస్థవారి ఏర్పాటుతో వ్రేలిముద్రకు తాళము వేసి, అవసరమైనప్పుడు తీసికొనవచ్చును. మోసపోయినచో సిగ్గుపడక వెంటనే బ్యాంకుకును, 1930 నంబరుకును ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మారకముందే ఆపుటకు వీలుండును; ప్రతి గంటయు విలువైనదే.

ఇంత ఖర్చు పేద సంఘము భరించగలదా యని అడుగవచ్చును. రెండు డిస్కులకు ఒకటి రెండు పట్టుచీరల వెల చాలును. తక్కినదంతయు శ్రద్ధయే గాని ఖర్చు కాదు.

కావున ప్రతి సంఘమును వచ్చే సర్వసభ్య సమావేశములో ఒక తీర్మానము చేయవలెనని కోరుచున్నాము: నకలు తీయుటకు ఒకరు, దానిని తెరచి చూచుటకు వేరొకరు, బాధ్యులుగా పేర్లతో నిర్ణయింపబడవలెను. మేము ఆ విధముగా చేసితిమి. ఆ పుస్తకములో శనివారము సంతకము లేనిచో ఏ సభ్యుడైనను కార్యదర్శిని నిలదీయవచ్చును. సగము చీరను వదలిపోయిన ఆ సభ్యుడు తిరిగి వచ్చి దానిని పూర్తిచేసెను. ఇప్పుడు మజూరీ తీసికొనుటకు ముందు ఆ సంతకము చూచువాడు అతడే.