లూపును వల్లించిన వచ్చునా?

సాయంకాలము చాంద్రాయణగుట్ట సందులలో నడచినచో ఒక ఇంట ఏడవ ఎక్కము, ప్రక్క ఇంట అదియే ఉర్దూ పహాడాగా వినవచ్చును. ఎక్కము కంఠస్థము చేయవలసినదే. ఆ అలవాటునే సి భాషలోని లూపునకును పట్టించుట మన విద్యార్థులకు చేటు తెచ్చుచున్నదని నా అభిప్రాయము.

తెలుగు, ఉర్దూ మాధ్యమములలో చదివి వచ్చినవారు ఇంగ్లీషే తమకు అడ్డమందురు. 1989 నాటి ప్రమాణము ప్రకారము సి భాషలో కీలకపదములు 32 మాత్రమే! అడ్డమైనది ఇంగ్లీషు కాదు, ‘ఫర్’ వాక్యమును అర్థమెరుగక వల్లించుట.

ఆ ఏడవ ఎక్కమునే ముద్రింపవలెననుకొందము. ‘ఐ’ అను చలరాశికి మొదట 1 విలువ నిత్తుము. అది 10కి మించలేదా యని పరీక్ష. మించనిచో ఒక పంక్తి ముద్రణ, పిదప ఐకి 1 చేర్చుట, మరల పరీక్ష. ఐ విలువ 11 కాగానే లూపు ముగియును. పరీక్షలో ‘10 వరకు’ అనుటకు బదులు ‘10 కంటె తక్కువ’ అని వ్రాసినచో తొమ్మిది పంక్తులే వచ్చును. ఒకటి చేర్చుట మరచినచో యంత్రము ‘ఏడు ఒకట్ల ఏడు’ అని ఆగక వల్లించుచుండును (మన పిల్లలవలెనే!). ‘ఫర్’ బ్రాకెట్టు ముగిసిన వెంటనే సెమికోలను పెట్టినచో లూపు పదిమార్లు ఊరక తిరిగి, చివరకు ఏడు పదకొండ్ల డెబ్బదియేడను ఒక్క పంక్తి మాత్రము వచ్చును.

‘ఫర్’లో మూడు పనులు ఒకే పంక్తిలో ఇమిడియుండుటచే వాని క్రమము కంటికి కనబడదు, ‘వైల్’లో విడివిడిగా కనబడును. కావున వైల్‌నే ముందు బోధింపవలెను. కెర్నిఘన్, రిచీలును 1978 నాటి తమ గ్రంథమున ఫారన్‌హీట్, సెల్సియస్ పట్టికను మొదట వైల్‌తో వ్రాసి, తరువాతనే ఫర్‌తో వ్రాసిరి.

చేయి తిరిగినవారును పొరపడుదురు. 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్టు వారి ‘జ్యూన్ 30’ సంగీతయంత్రములు స్తంభించినవి. దినసంఖ్య 365ను మించినంతవరకు తిరుగు వైల్ లూపు అందు కలదు. లీపు సంవత్సరమున మాత్రము సంఖ్య 366ను మించిననే తగ్గును. ఆనాడు సంఖ్య సరిగా 366. లూపు తిరుగుచునే యుండెను, సంఖ్య తగ్గదాయెను. కాగితముపై 366 వేసి రెండు చుట్లు నడిపినచో తప్పు బయటపడి యుండెడిది.

కాలేజీ కమిటీ వారికి నా విన్నపమొకటి. లాబొరేటరీ రికార్డులో ప్రతి లూపునకు ఎదురుపుటలో చుట్టు చుట్టునకు ఐ విలువ, పరీక్షాఫలితము విద్యార్థి స్వహస్తముతో నింపవలెను. ఆ పుట చూడక కంప్యూటరు వద్ద కూర్చుండనీయరాదు, మార్కులలో సగము దానికే ఈయవలెను.