బావిలో బండి, గట్టుమీద మనం

మా యర్రగొండపాలెంలో మగపిల్లవాడు కాస్త జోరుగా మోటారు సైకిలు నడిపితే చాలు, అరుగుమీద కూర్చున్న పెద్దవాళ్లు ఒకటే మాట అంటారు: "వీడు తిరునాళ్లలో బావిలో బండి తిప్పుకోవడానికి తప్ప దేనికీ పనికిరాడు" అని. మొన్న మా పక్కింటి అత్తయ్యగారు తన మనవణ్ణి పట్టుకుని సరిగ్గా ఆ మాటే అన్నారు. ఆవిడ బెంగ నాకు అర్థం కాకపోలేదు. కానీ ఆ 'పనికిరాడు' అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది.

నిజం చెప్పొద్దూ, నాకు సైకిలు తొక్కడం కూడా రాదు. అయినా ఆ బావిలో తిరిగేవాడి తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి నాకో కారణం ఉంది. అది ఒక పది రూపాయల నోటు.

నేను హైస్కూల్లో చదువుకునే రోజుల్లో మా వైపు ఒక తిరునాళ్లకి వెళ్లాం. రంగులరాట్నం పక్కన పెద్ద చెక్కల బావి కట్టారు. ఇనుప మెట్లెక్కి గట్టు పట్టుకుని లోపలికి వంగి చూస్తే, అడుగున ఒక కుర్రాడు పాత మోటారు సైకిలు మీద చుట్లు తిరుగుతున్నాడు. చూస్తుండగానే బండి గోడెక్కింది. చెక్కలు గడగడలాడాయి. మా మేనమామ నా చేతిలో నోటు పెట్టి, "చాపమ్మే, భయపడబాక, అందుకుంటాడు చూడు" అన్నాడు. చాపాను. ఆ కుర్రాడు ఒక చెయ్యి వదిలేసి నోటు కోసం వచ్చాడు. సరిగ్గా ఆ క్షణంలో నాకు భయం వేసి చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

బండి వంకర పోయింది. జానెడు కిందికి జారి, ఎలాగో నిలదొక్కుకుంది. జనం అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. అతను నన్ను తిట్టలేదు. ఇంకో చుట్టు తిరిగి వచ్చి, మళ్లీ అదే నోటు కోసం చెయ్యి చాపాడు!

అతనికి ఆ పది రూపాయలు అంత అవసరం. ఆ సంగతి నాకు ఇంటికి వెళ్లాక గాని తట్టలేదు. ఈనాటికీ ఆ చప్పట్లు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

"చావుకి తెగించినవాళ్లమ్మా వాళ్లు" అంటారు చూసొచ్చినవాళ్లు. ఈ మాట మెచ్చుకోలు కాదు, తప్పించుకోవడం. చావుకి తెగించినవాడు బావి అడుగునే ఉండి యాక్సిలరేటరు తిప్పేసి ఊరుకోవచ్చు. అతను తెగించేది బతకడానికి. దానికి ఎంత నేర్పు కావాలో చూడండి. నిలువు గోడమీద బండి నిలవాలంటే వేగం చక్రాలను గోడకేసి అదమాలి, ఆ ఒత్తిడివల్ల పుట్టే రాపిడి బండి బరువు మొయ్యాలి. వేగం తగ్గిందా, రాపిడి చాలదు, కిందికి జారిపోతాడు. ఎక్కువైందా, పైన గట్టు దాటిపోయే ప్రమాదం. ముప్ఫై అడుగుల వెడల్పున్న బావిలో గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో తిరిగితే, మనిషి బరువు రెండున్నర రెట్లు దాటినట్టు ఒంటిమీద పడుతుంది. ఆ బరువుతో, తల తిరక్కుండా, ఒంటిచేత్తో నోటు అందుకోవాలి. ఇది పనికిరానివాడు చెయ్యగలిగిన పనేనా?

ఈ విద్య మనం కనిపెట్టిందేం కాదు. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చెక్కలతో పరిచిన గుండ్రటి బాటల మీద మోటారు సైకిలు పందేలు జరిగేవి. 1912లో నెవార్క్‌లో ఒక పందెంలో రైడర్లతోపాటు చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా చచ్చిపోయారు. ఆ వాలు బాటే చిన్నదై, నిటారుగా లేచి సంతల్లో మృత్యుబావి అయింది. మన దగ్గర ఉత్తరాదివాళ్లు 'మౌత్ కా కువా' అంటారు. 1938లో మొదలైన హైదరాబాదు నుమాయిష్‌కి వెళ్లినవాళ్లలో దాన్ని చూడనివాళ్లు తక్కువ.

దీనికి బంధువే స్పీడ్‌వే. 1928లో ఇంగ్లాండుకి వచ్చింది. నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, మట్టి బాట, అన్నీ ఎడమ మలుపులే. బండికి బ్రేకులుండవు. వినడానికి మన బావికంటే పిచ్చిగా లేదూ? కానీ పోలండులో వేలమంది టిక్కెట్లు కొని చూస్తారు, రైడరుకి కంట్రాక్టు ఉంటుంది, శిరస్త్రాణం లేకుండా బాటమీదికి రానివ్వరు. బ్రిటన్‌లో గాయపడ్డ రైడర్లని ఆదుకోవడానికి ప్రత్యేకంగా ఒక నిధే ఉంది. అక్కడ మాత్రం ప్రమాదాలు జరగవా? 2015లో డార్సీ వార్డ్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు పోలండులో పడిపోయి, నడుం కింది భాగం చచ్చుబడి, ఆటకి దూరమయ్యాడు. వాళ్లూ పడతారు. కాకపోతే పడ్డవాడికి పేరుంటుంది, పట్టించుకునేవాళ్లుంటారు.

అక్కడా అంతా ధర్మమేనని నేననను. ఫే టేలర్ అనే ఐర్లండు అమ్మాయి స్పీడ్‌వేలో మగవాళ్లను ఓడించి పేరు తెచ్చుకుంది. 1930లో ఆడవాళ్లు పాల్గొనకూడదని ఇంగ్లాండులో నిషేధం పెట్టారు. ఆడదాని ప్రాణం మీద అంత ప్రేమ! మన బావుల్లో ఆడపిల్లలు కూడా బండ్లు నడిపారు, వాళ్లని ఎవరూ వద్దనలేదు. అది గౌరవం వల్ల కాదు, ఎవరికీ పట్టకపోవడం వల్ల.

మా ఊరు దాటితే నల్లమల. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం మా గుమ్మంలోనే ఉంది. అడవిలో కెమెరాలు పెట్టి, చారలు చూసి, ఏ పులి ఎక్కడుందో లెక్క రాస్తారు. పులుల్నీ, సింహాల్నీ, ఎలుగుబంట్లనీ, కోతుల్నీ ఆడించకూడదని 1998లో కేంద్రప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చిన్నపిల్లల్ని సర్కసుల్లో పెట్టకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. చాలా మంచి పనులు. పులిమీద నాకేం కోపం లేదు. కానీ బావిలో తిరిగే మనిషి ఏ ఊరివాడో, ఎన్నిసార్లు ఎముకలు విరిగాయో రాసుకునే పుస్తకం ఏ తిరునాళ్లలో ఉంది?

"అయితే ఈ బావుల్నే నిషేధిస్తే పోలా?" అన్నారు మావారు. పోదు. నిషేధిస్తే మనకి పాపం తగ్గినట్టుంటుంది, అతనికి కూడు పోతుంది. "ఎవడు చేరమన్నాడు?" అనేవాళ్లకీ ఒక మాట. వానల్లేక, బోర్లెండిపోయి, మా పడమటి పల్లెలనుంచి పిల్లలు హైదరాబాదు పోతారు. అక్కడ నిమిషాల లెక్కన అన్నం పొట్లాలు అందించడానికి లారీల మధ్య మోటారు సైకిళ్లు దూరుస్తారు. దాన్ని ఉద్యోగం అంటాం. పెళ్లిచూపుల్లో చెప్పుకుంటాం కూడా. గోడమీద తిరిగేవాడు మాత్రం పనికిరానివాడు! తేడా ఏవిటంటే, ఒకడు మన ఆకలికోసం పరుగెత్తుతాడు, ఇంకొకడు మన సరదాకోసం.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. తిరునాళ్లలో బావి కట్టడానికి అనుమతి ఇచ్చేవాళ్లు చెక్కలూ, మేకులూ చూసినట్టే, రైడరు పేరూ, వయసూ, భీమా కాగితం కూడా చూడాలి. ఆ భీమా లేనిదే ఆట మొదలవకూడదు. అతని కూలి టిక్కెట్టులోంచి రావాలి. టిక్కెట్టు ఇంకో పది రూపాయలు పెరిగితే పెరగనివ్వండి. గోడమీద ఉన్నవాడికి నోటు చాపే అలవాటు మాత్రం మానాలి. ఇవ్వాలనుకుంటే, అతను బండి ఆపి, కిందికి దిగి, చెమట తుడుచుకున్నాక చేతిలో పెట్టండి.

ఈ మాటే పక్కింటి అత్తయ్యగారితో అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "అంతా బాగానే ఉంది గానీ, మనవణ్ణి మాత్రం పంపబాకమ్మా" అన్నారు. పంపనులెండి. కానీ ఆ బావిలో ఉన్నవాడు కూడా ఎవరో అత్తయ్యగారి మనవడే.