అగ్గువ పలక

కంప్యూటర్ దగ్గర నేను నేర్చుకున్న మొదటి మాట ‘ముట్టుకోకు’.

1994లో నల్లగొండ జిల్లా మాదిగవాడ నుంచి ఉస్మానియా హాస్టల్‌కు వచ్చిన. ఎం.ఏ. తెలుగు. కంప్యూటర్ రాకుంటే బతుకు లేదని అందరూ అంటుంటే స్కాలర్‌షిప్ పైసలు పెట్టి సిటీల ఒక ఇన్‌స్టిట్యూట్‌ల చేరిన. దాని పేరెందుకు గాని, గది బయట చెప్పులు విడవాలె. లోపల ఏసీ. మిషిన్ల మీద గుడ్డ కప్పి ఉండేది. దుమ్ము పడొద్దని పెట్టిన ఆ రూలు అందరికీ ఉన్నదే. కాని మా తాత తను కుట్టిన చెప్పులనే దొర గడి ముందట చేతిల పట్టుకుని నడిచిండు. ఆ గది ముందు చెప్పులు విడిచినప్పుడల్లా నాకు గడి యాదికొచ్చేది.

ఒక మిషిన్‌కు నలుగురం. ముగ్గురు ఇంగ్లీషు మీడియమోళ్లు. కొట్టుడు వాళ్లది, చూసుడు నాది. ఒకనాడు ధైర్యం చేసి చెయ్యి పెడితే నేర్పేటాయన, “నువ్వు ముట్టుకోకు. ఖరాబైతే నీ స్కాలర్‌షిప్ చాలదు” అన్నడు. అందరూ నవ్విన్రు. సిగ్గుకు నేను కూడా నవ్విన. ఆ నవ్వు ఇప్పటికీ నా గొంతుల అడ్డం పడే ఉంది.

నేను మిషిన్‌ను ముట్టుకున్నది తార్నాకలో. ఒక జిరాక్సు, డీటీపీ షాపుల పనికి కుదిరిన. పగలు జిరాక్సు తీసుడు, రాత్రి షట్టర్ సగం దించినంక టైపు నేర్చుకునుడు. ఆ షాపాయన కులమడగలేదు, పని అడిగిండు. మా నాయిన చేతిల సిర్ర, సిటికెనపుల్ల డప్పు మీద ఎట్ల ఆడేవో నా వేళ్లు కీబోర్డు మీద అట్ల ఆడినయి. మా వాడల మీద, మా దరిద్రం మీద రాసిన థీసిస్‌లెన్నో నేనే టైపు చేసిన. రాసినోళ్లు డాక్టర్లయిన్రు. నాకు పేజీకింత అని కూలి ముట్టింది.

ఈ కథంతా ఎందుకంటే, మొన్న క్యాంపస్‌ల ఒక తమ్ముడు అడిగిండు: “అన్నా, పేద పిల్లలకు అగ్గువ లాప్‌టాప్‌లిస్తే మంచిదే గదా? మనోళ్లెందుకు సగం మంది వద్దంటరు, సగం మంది చప్పట్లు కొడతరు?” తార్నాక చౌరస్తాల చాయ్ తాగుకుంట చెప్పిందే ఇక్కడ రాస్తున్న.

2005 జనవరిలో దావోస్‌లో, లోకంలోని సంపన్నులంతా కూడే కాడ, అమెరికా ప్రొఫెసర్ నికోలస్ నెగ్రోపాంటి బీద దేశాల పిల్లలకు 100 డాలర్ల లాప్‌టాప్ ఇస్తమని చెప్పిండు. తయారై వచ్చేసరికి ధర 200 డాలర్లకు దగ్గర పడింది. 2006లో మన కేంద్ర మానవ వనరుల శాఖ అది మాకొద్దన్నది. బడి గదులు, టీచర్లు ముందు కావాలన్నది. సరే, మంచి మాటే. ఆ మాట మీద నిలబడ్డదా? 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో అదే శాఖ 10 డాలర్ల లాప్‌టాప్ అని దేశమంతా ఊరించి చూపిన వస్తువు లాప్‌టాపే గాదు, సమాచారం దాచిపెట్టే చిన్న డబ్బా. 2011 అక్టోబర్ 5న ‘ఆకాశ్’ వచ్చింది. మొదటి దఫా పలకలను బిగించింది మన హైదరాబాదులోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. గట్టిగ ఒత్తితే గాని పలకని తెర. ఆకాశ్ అని పేరు పెట్టి నేలమీద పాకే మిషిన్ చేతిల పెట్టిన్రు.

ఆ పలకను పంచిన మంత్రులు, ఆఫీసర్లు తమ పిల్లల చేతికి అదే ఇచ్చిన్రా? నేనడిగేది ఇదొక్కటే. మా ఊరి హోటల్ల మా కోసం వేరే గ్లాసు ఉండేది. చూరుకు చెక్కి ఉండేది. మేమే తీసుకోవాలె, తాగి మేమే కడిగి మళ్ల చెక్కాలె. చాయ్ పోసినందుకు మేం దండం పెట్టాలె. చాయ్ అందరిదీ ఒక్కటే గదా, గ్లాసు గురించి లొల్లి ఎందుకని అప్పుడు పెద్దమనుషులు అడిగిన్రు. ఇప్పుడు వీళ్లూ అదే అడుగుతున్నరు. సదువు అందరిదీ ఒక్కటే గదా, మిషిన్ గురించి లొల్లి ఎందుకని. అగ్గువ పిల్లలకు అగ్గువ పలక. రెండో గ్లాసు తెలిసినోనికి ఇది తెలుసుకునేందుకు పీహెచ్‌డీ అక్కర్లేదు.

ఇగ రెండో రకం పెద్దమనుషులున్నరు. వీళ్లు మన సభల్లోనే ఉంటరు. “ముందు అన్నం, ముందు మరుగుదొడ్డి, ఆ తర్వాత లాప్‌టాప్” అంటరు. వినడానికి కమ్మగుంటది. అయ్యా, ఆ వ్యాసం మీరు దేనిమీద కొట్టిన్రు? మీ బిడ్డ దేనిమీద సదివి సీటు కొట్టింది? తార్నాక నుంచి ఉప్పల్ దిక్కు పోతే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ ఉన్నయి. అక్కడి సైంటిస్టును ‘నీకు అన్నం ముందా, మిషిన్ ముందా’ అని ఎవరన్నా అడిగిన్రా? మమ్మల్నే ఎందుకడుగుతరు? ఆకలి మాదే, వరస మాత్రం మీరు పెడతరు. 1848లో పుణెలో సావిత్రిబాయి ఫూలే బడి పెట్టింది మా ఆకలి తీరినంక కాదు. భాగ్యరెడ్డివర్మ ఈ హైదరాబాదులో ఆది హిందూ పిల్లలకు బడులు పెట్టింది మా కడుపులు నిండినంక కాదు.

నేనిప్పుడు సర్కారు బడి పంతుల్ని. 2020 మార్చిల బళ్లు మూసిన్రు. సెప్టెంబర్ 1 నుంచి యాదగిరి చానల్ల, టీ-శాట్‌ల పాఠాలన్నరు. జాతీయ నమూనా సర్వే 2017-18 లెక్క ప్రకారం ఈ దేశంలో పల్లెల్ల నూరిండ్లకు కంప్యూటర్ ఉన్నది నాలుగిండ్లల్ల, పట్నాలల్ల ఇరవై మూడిండ్లల్ల. మా బళ్లె తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె ఉండేది. లెక్కలల్ల నాకంటే చురుకు. ఇంటిల ఒక్కటే ఫోను. నాయిన కూలికి పోతే ఫోను కూడా పోతది. కొన్నాళ్లు పక్కింటి కిటికీ దగ్గర నిలబడి టీవీ పాఠాలు రాసుకుంది. తర్వాత పత్తి ఏరబోయింది. బడి తెరిచినంక నేను రెండుసార్లు ఇంటికి పోయిన. అవ్వ నాకు చాయ్ పోసింది గాని పిల్లను పంపలేదు. ఆనాడు ఆ పిల్ల చేతిల పనిచేసే మిషిన్ ఒకటి ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే మిషిన్ వద్దనే హక్కు నాకు లేదు. మీకూ లేదు.

మరి పంచితే సరిపోతదా? పెరూ దేశం 8 లక్షలకు పైగా లాప్‌టాప్‌లు కొన్నది. పల్లె బళ్లల్ల లెక్కలు, భాష మెరుగుపడలేదని 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అధ్యయనం తేల్చింది. మిషిన్ నడుపుడు మాత్రం పిల్లలు బాగానే నేర్చుకున్నరు. అంటే తప్పు పిల్లలది గాదు. ఆ బళ్లల్ల చాలావాటికి ఇంటర్నెట్టే లేదు. 2022 డిసెంబర్‌ల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు 5 లక్షలకు పైగా ట్యాబులిచ్చింది. అందుల పాఠాలు బైజూస్ కంపెనీవి. 2024కల్లా ఆ కంపెనీ దివాలా కేసుల పడ్డది. సర్కారు పిల్లల సదువును కంపెనీల కుదువ పెడితే విడిపించేదెవరు?

కాబట్టి మేమడిగేది ఇది. మీ పిల్లల చేతిల ఉన్న మిషినే మా పిల్లలకు కావాలె. అది నడిచేందుకు బళ్లె కరెంటు, ఇంటర్నెట్టు ఉండాలె. అది తెలుగుల మాట్లాడాలె, ఇంగ్లీషు కూడా నేర్పాలె. పక్కన టీచర్ ఉండాలె. చెడిపోతే మండలంలనే బాగు చేసేటోడుండాలె, వాడు మా వాడ పిలగాడైతే ఇంకా మంచిది. ఆ పాఠాలు రాసే కాడ మేమూ కూర్చోవాలె. దండాలు పెట్టం, ఫొటోలకు నిలబడం. ఇది దానం గాదు, బాకీ.

1953లో ఈ ఉస్మానియానే అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆయన చిన్నప్పుడు బళ్లె నీళ్ల కుండ ముట్టుకోనియ్యలేదు. కుండ అయినా కంప్యూటర్ అయినా మాటొక్కటే. తమ్ముడూ, రేపు మీ ఊరికి ట్యాబుల పెట్టెలొస్తే ముందు పోయి చూడు. ఎవరి పిల్లలు కొడుతున్నరు, ఎవరి పిల్లలు వెనక నిలబడి చూస్తున్నరు? చూస్తున్న పిల్ల చెయ్యి పట్టుకుని కీబోర్డు మీద పెట్టు. ఖరాబైతే కానియ్యి, మళ్ల అడుగుదం.